దీనమ్మ పంతులమ్మ పెట్టిన వారం గడువు

దీనమ్మ పంతులమ్మ అంటే మా పల్లెలో పెద్దవాళ్లకే హడలు, ఇక పిల్లల సంగతి చెప్పాలా! అది దొరల కాలం. మా మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. గిద్దలూరు దారిలో ఉన్న మా మిషను బడికి ఆమె ఒక్కతే టీచరు. భర్త పోయాక పుట్టింటివాళ్లు వచ్చి రమ్మన్నా కదల్లేదు. బడిగదిలోనే ఒక మూల పొయ్యి పెట్టుకుని ఉండిపోయింది. పట్టు పట్టిందంటే వదిలే మనిషి కాదు.

శనివారం మధ్యాహ్నం పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టేది. ఆ వయసులో ఇంట్లోవాళ్లందరూ శత్రువుల్లా కనిపిస్తారని ఆమెకు తెలుసు. మీ ఇంట్లో ఒక మనిషికి ఏం కావాలో, నోరు తెరిచి అడక్కుండా కనిపెట్టి రమ్మనేది. మేము పోయి వచ్చి, అవ్వకు వక్కాకు కావాలనో, మామకు చుట్టలు కావాలనో చెప్పేవాళ్లం.

"అవి నోటికి కావాల్సినవి. మనిషికి ఏం కావాలో చెప్పండి," అనేది.

మళ్లీ శనివారం ఇంకో వస్తువు పేరు మోసుకొచ్చేవాళ్లం.

నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా ఒక పాడుపని చేశాను. మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లు పొయ్యి ముట్టించే ముందు ఒక పిడికెడు గింజలు దేవుని పేరున వేరే చట్టిలో వేస్తారు. ఆదివారం గుడికి తెచ్చి, ముందున్న గంపలో పోస్తారు. ఆ ఏడు వానల్లేవు. మాకు నాయన లేడు. అమ్మ కోటమ్మ కూలికి పోతే, తమ్ముడు గిద్యోను ఆకలని ఏడ్చాడు. నేను ఆ చట్టిలో జొన్నలు తీసి, తిరగట్లో విసిరి సంగటి చేశాను. మర్నాడూ అదే పని. దేవుడికి ఆకలేస్తుందా అని నా తెలివి. కానీ అమ్మకు చెప్పడానికి భయమేసింది. చట్టి అడుగున ఇసుక నింపి, పైన గింజలు పరిచాను.

ఆదివారం అమ్మ చట్టి వంచింది. గంపలో అందరి గింజల మీదా ఇసుక పడింది. గుడంతా చూసింది. కోటమ్మ దేవుణ్ణే మోసం చేసిందని ఎవరో గొణిగారు. అది నా పనేనని అమ్మకు వెంటనే తెలిసిపోయింది. అయినా నా పేరు చెప్పలేదు. ఇంటికి వచ్చి కొట్టలేదు, తిట్టలేదు. నాతో మాట్లాడటమే మానేసింది.

నాలుగు రోజులు చూసి నాకు రోషం వచ్చింది. పొదిలిలో మా అత్త దగ్గరికి పోతానని, మళ్లీ రానని పంతులమ్మతో చెప్పాను. అక్కడ కష్టపడి ఆ గింజలు పంపిస్తే సరిపోతుంది గదా అన్నాను.

"నువ్వు తీసింది గింజలు కాదే, కృపావరం," అంది పంతులమ్మ. "వారం రోజులు మీ అమ్మతో కూలికి పోయిరా. ఆ తర్వాత కూడా పోతానంటే బండి నేనే మాట్లాడతా."

తిట్టుకుంటూనే పోయాను. ఆంజనేయులు రెడ్డిగారి బావికింది చేలో జొన్నకోత. సాయంత్రం కళ్లం దగ్గర ఆయన భార్య సరస్వతమ్మ కూలిగింజలు పోసేది. ఆమె చెడ్డదేం కాదు, వాళ్ల అత్త పోసినట్టే పోసేది. మేము ఎడంగా నిలబడి, నడుం వంచి, కొంగు పట్టాలి. అంటు తగలకుండా ఆమె ఎత్తునుంచి పోసేది. కింద చిందినవి మేమే ఏరుకోవాలి. మొదటిరోజు నాకు ఒళ్లు మండింది. మూడోరోజు నా కొంగు చూసుకోవడం మాని అమ్మను చూశాను. తల దించుకుని, కళ్లు నేలమీద పెట్టుకుని ఉంది. వారంలో ఆరు రోజులు ఆమె అట్లా వంగే బతుకుతోంది. ఆదివారం ఒక్కపూట మాత్రం నిటారుగా నడిచిపోయి, నలుగురి ముందు తన చేత్తో ఇస్తుంది. ఆ చేతిలోనే నేను ఇసుక పోశాను. కళ్లంలో ఏడుపు ఆగలేదు.

శనివారం పనినుంచి వస్తూ దారిలో చెప్పేశాను. "అమ్మా, నువ్వు ఇచ్చే మనిషివి. నిన్ను ఆ ఒక్కపూట కూడా అట్ల ఉండనియ్యలేదు నేను."

అమ్మ కొంతదూరం నడిచి, మూట దించింది. పదమూడు రోజుల తర్వాత అప్పుడే ఆమె గొంతు విన్నాను.

"తమ్మునికి ఆకలైతాందని చెప్పింటే, నేనే తీసిచ్చేదాన్ని గదమ్మా. దేవునికి నేను చెప్పుకునేదాన్ని. నన్ను అడగాలని నీకు అనిపీలేదే, అదే నా ఏడుపు."

నేను ఇన్నాళ్లూ ఏమేమో ఊహించుకున్నాను. ఇది మాత్రం తోచలేదు. ఇంట్లో ఆకలి ఉందని అమ్మతో చెప్పకపోవడమే ఆమెను పరాయిదాన్ని చేయడమని నాకెవరు చెప్పాలి? పంతులమ్మ చెప్పగలిగేది. చెబితే నేను వినేదాన్ని కానని ఆమెకు తెలుసు.

మర్నాడు గుడిలో గంప ముందుకు తెచ్చినప్పుడు నేను లేచాను. పంతులమ్మ నావైపు చూస్తూనే ఉంది, సాయానికి మాత్రం రాలేదు.

"పోయిన ఆదివారం కాక, ఆ ముందు ఆదివారం గంపలో పడిన ఇసుక నేను కలిపిందే. అప్పుడు మా యమ్మకు తెల్దు," అన్నాను.

గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ ఆడవాళ్ల వరసలోనుంచి లేచి వచ్చి, అందరూ చూస్తుండగా నా పక్కన నిలబడింది.