సంచి తరుగు

కూరగాయల కొట్లో కాటా ముందు కూడా నేను నిలబడలేను. ఏళ్ల తరబడి ఇంతే. కారణం మా ఆవిడకైనా చెప్పలేదు. ఆమె పోయింది, ఇక చెప్పే వీలు లేదు. మీకు చెబుతున్నాను.

మత్తుపదార్థాల రవాణాను అరికట్టే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నాది. ఒక సాయంత్రం చిల్లకల్లు దగ్గర హైవే మీద మిర్చి లారీ ఆపాం. బస్తాల కింద రెండు గోనెసంచుల గంజాయి దొరికింది. కిందికి దించేసరికి వాన పట్టుకుంది. సంచులు తడిశాయి.

డ్రైవరు చందర్లపాడు వైపు మనిషి. ఏసోబు అనుకోండి. కిరాయికి ఆశపడి ఎక్కించానని ఒప్పుకున్నాడు. అతను తప్పు చేయలేదని నేను అనడం లేదు.

సంచుల్లోంచి తీసి సరుకు ఒక్కటే తూయాలి. ఇరవై కిలోలు దాటితే బెయిలు దొరకడం బహు కష్టం. సంచీ, తడీ పోతే ఇరవై ఉండదని ఎత్తి చూసినప్పుడే నా చేతికి తెలిసింది. అయినా సంచులతోనే కాటా మీద పెట్టించాను. ఇరవై దాటింది.

"సార్, మిర్చి యార్డులో కూడా సంచి తరుగు తీస్తారండి. గంజాయికి తియ్యరా?" అన్నాడు ఏసోబు. మావాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

"దీనిక్కూడా తరుగు అడుగుతున్నావేంట్రా? అమ్ముకోడానికొచ్చావా?" అన్నాను.

"అది కాదండీ. ఇరవై దాటితే బెయిల్ రాదంట గదండీ. మా ఆవిడకి నెలలు నిండాయండి."

"కోర్టులో చెప్పుకో."

ఎందుకు చేశాను? అప్పటికి చాలాకాలంగా పెద్ద కేసు ఒక్కటీ పట్టలేదని పైవాళ్లతో మాటలు పడుతున్నాను. అంతేనా? అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. లేదు.

అతను జైల్లో ఉండగానే ఆడపిల్ల పుట్టింది. విచారణ మొదలవకముందే జబ్బు చేసి, ఆ పిల్లను చూడకుండానే పోయాడు. ముద్దాయి లేడు కనుక కేసు మూసేశారు. ఆ కబురు విన్నప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఇక ఆ తూకం గురించి కోర్టులో నన్నెవరూ అడగరన్న నిశ్చింత. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం అదే.

రిటైరయ్యాక నందిగామలో ఒక గది తీసుకుని లాయర్లకూ లారీ ఓనర్లకూ సలహాలు చెబుతున్నాను. ఈమధ్య ఒక లాయరు తన కేసులో లోపం ఎక్కడ వెతకాలని అడిగితే, ముందు తూకం చూడండి, సంచితో కలిపి తూశారేమో అడగండి అన్నాను. అతని ముద్దాయికి బెయిలొచ్చింది. స్వీట్ల డబ్బా తెచ్చి, నా అనుభవాన్ని మెచ్చుకుని వెళ్లాడు. ఆ డబ్బా నేను విప్పలేదు.

చందర్లపాడు ఇక్కడికి దగ్గరే. ఏసోబు భార్య దగ్గరికి ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పను? క్షమించమంటే, నా భారం కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుందేమో అనుకుంటాను. వెళ్లకుండా ఉండటానికి ఇదీ ఒక సాకేనేమో.

మీరు నన్ను ఓదార్చకండి. ఆరోజు అతను అడిగినదానికి జవాబు మాత్రం రాయనివ్వండి.

తీస్తారు, ఏసోబూ. తియ్యాలి. నేను తియ్యలేదు.