షిఫ్టు డ్యూటీలో రాక్ బ్యాండు

ఆ రోజుల్లో తెలియని విషయం మీద రాయడానికి నాకు ఏమాత్రం భయం ఉండేది కాదు. ఇప్పుడు తెలిసినదాని మీద రాయాలన్నా పదిసార్లు ఆలోచిస్తున్నాను. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే ప్లాంటులో ట్రైనీగా ఉంటూ, ఒక రాక్ బ్యాండు ఎలా పైకొచ్చిందో ఎలా కూలిపోయిందో ఏకంగా నవల రాసేశాను. (అప్పటికి గిటారును చేత్తో ముట్టుకొని ఎరుగను.) వారపత్రిక పోటీకి పంపాలి, పేరు రావాలి, ఉద్యోగం మానేయాలి, ఇదీ నా ప్లాను. గడువు వారం ఉందనగా ధైర్యం చాలక, కాగితాల కట్టను రెండో షిఫ్టు ఫిట్టర్‌కు ఇచ్చాను. బీరంగూడ చర్చిలో గిటారు వాయిస్తాడు గనుక ఆయన్ను పాస్టరన్న అనేవాళ్లం. ఆయన బాగుందంటే పంపడం, లేదంటే చింపడం.

నాలుగు రోజులు ఆయన డ్యూటీకి వచ్చే వేళకు గేటు దగ్గర తచ్చాడాను. ఐదో రోజు షిఫ్టులు మారే వేళ క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చున్నాడు.

"తమ్మీ, ప్రోగ్రాం నడుమల గీ సైరన్ ఏంది?"

"షిఫ్ట్ అయిపోయిందన్నా. రెండు కొట్టంగనే ఇంకో సింగర్ వస్తడు. మొదటాయన ఎంతవరకు పాడిండో రిజిస్టర్ల రాసి, సంతకం పెట్టి, మైకు అప్పజెప్తడు. మిగిలిన పాట ఈయన అందుకుంటడు."

పాస్టరన్న పప్పన్నం కలుపుతున్న చేయి ఆపి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. నేనేం చేయను? వేదిక మీద జరిగేది ఫోన్‌లో చూశాను గానీ వెనక జరిగేది ఎవరు చూపించారు? అందుకని మా ప్లాంటులో జరిగేదే రాశాను. (బ్యాండు కూలిపోయిందీ అందుకే. తర్వాతి షిఫ్టుకు దిగాల్సిన రిలీవర్ రాక డ్రమ్మర్ వరుసగా రెండు షిఫ్టులు వాయించి, అలిగి మానేస్తాడు.)

"ఇగ చింపేస్తనన్నా," అన్నాను.

ఆయన కట్టను తన వైపు లాక్కున్నాడు. "పాగల్ గానివా? నవ్వొచ్చింది, నవ్విన. గని డ్రమ్మర్ పోయినంక ఆయన స్టూల్ ఖాళీగ పెట్టి మిగిలినోళ్లు వాయిస్తరు సూడు, ఆడ నేను ఏడ్సిన. మా దోస్తు సచ్చిపోయినప్పుడు చర్చిల మేం గట్లనే చేసినం. ఐతారం రా, గిటార్ పట్టుకొని సూడు. ఆనక దిద్దుదాం, జల్దీ పంపుదాం."

ఆదివారం వేళ్లు బొబ్బలెక్కాయి. నవల దిద్దుకొని పంపాను. బహుమతి రాలేదు, ఉద్యోగమూ మానలేదు. అయినా పాస్టరన్న రుణం తీరేది కాదు. ఇప్పుడు నేను రాసినవి అచ్చవుతున్నాయి, చదివినవాళ్లు మర్యాదగా బాగుందంటున్నారు. ఆ ట్రైనీని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తప్పు చెప్పడానికి ఎదురుగా కూర్చున్న మనిషి వాడికి ఉన్నాడు.