లివింగ్ అంటే బతుకు కాదు

ఆ ఏడాది సింగపూర్ సెరంగూన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళలో రెండే మాటలు: వైటూకే, ఒరాకిల్. లీలావతి భర్త జనార్దనరావు రాఫెల్స్ ప్లేస్‌లో ఓ బ్యాంకు కంప్యూటర్లను రెండువేల సంవత్సరం గండం నుంచి గట్టెక్కించే పనిలో తలమునకలుగా ఉన్నాడు. కనబడినవాళ్ళంతా లీలావతికి ఒకటే సలహా: "ఒరాకిల్ కోర్సు నేర్చుకోరాదూ?" ఆవిడ నేర్చుకోలేదు. ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, విక్టోరియా రాణి కాలపు నవలల్లో చర్చి తగాదాల మీద పరిశోధన మొదలుపెట్టీ పెట్టకముందే పెళ్ళయి విమానం ఎక్కింది. ఆ చదువు ఇక్కడ ఎవడిక్కావాలి చెప్పండి!

కావలసినవాళ్ళు దొరికారు. ఓ ట్యూషన్ సెంటరులో సాహిత్యం టీచరు మానేసింది. శనివారం ఒక్క పాఠం చెప్పి చూపించమన్నారు, నచ్చితే ఉద్యోగం. "మీరేం చేస్తుంటారు?" అని ఎవరడిగినా రెండేళ్ళుగా నవ్వి ఊరుకుంటున్న మనిషికి ఆ శనివారం ఎంతటిదో వేరే చెప్పాలా?

శుక్రవారం పొద్దున పుస్తకం పట్టుకుని పక్క ఫ్లాటుకి వెళ్ళింది. అక్కడ ఆదెమ్మ ఆంటీ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఒంగోలు వైపు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి.

లీలావతి కథ చెప్పుకొచ్చింది. ఇంగ్లండులో ఓ పల్లె. చర్చిలో ముందు బెంచీలు పెద్దింటివాళ్ళవి, వాటికి తలుపులు, తాళాలు కూడానూ. మిల్లు కూలీలు వెనక నిలబడాలి. ఓ ఆదివారం పాస్టరు ఆ తాళాలు తీయించి కూలీలను కూర్చోబెట్టాడు. జమీందారు మండిపడ్డాడు.

"చివరికి ఆయన తన లివింగ్ వదులుకున్నాడు ఆంటీ. బతుకు మీదే విరక్తి పుట్టింది, పాపం. రేపటి పాఠం అదే."

తెలియని మాటైతే డిక్షనరీ చూసేదే. లివింగ్ అంటే తెలియనిదెవరికి!

"విరక్తీ లేదు, నా బొందా లేదు," అంది ఆదెమ్మ. "తర్వాత బండి మీద సామాను వేసుకున్నారా లేదా?"

"వేసుకున్నారు. మీకెలా తెలుసు?"

"చచ్చేవాడికి సామానెందుకే పిచ్చిమొహమా? ఆ లివింగేదో ఆయన కొలువై ఉంటది. జీతం, ఇల్లు, అన్నీ దాంతోనే. మా నాన్నా పాస్టరే. మా గుళ్ళో కులానికో వరస. యేసయ్య ముందర కూడా! నాన్న బెంచీలన్నీ కలిపేశాడు. పెద్దలు ఊరుకుంటారా? బంగళా ఖాళీ చెయ్యమన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వానలో బండెక్కాం. కుక్కను మాత్రం ఎక్కించనియ్యలేదు."

లీలావతి ఇంటికి పరుగెత్తి డిక్షనరీ తిప్పింది. ఆదెమ్మ చెప్పిందే రాసి ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

మర్నాడు క్లాసులో ఓ అమ్మాయి చెయ్యెత్తి సింగపూర్ యాసలో అడిగింది. "టీచర్, బెంచ్ ఓన్లీ. వై సో యాంగ్రీ, లా?"

లీలావతి పుస్తకం మూసేసి, వానలో బండెక్కిన తొమ్మిదేళ్ళ పిల్ల కథ చెప్పింది. క్లాసులో ఒక్కరు కదిలితే ఒట్టు. వెనక కూర్చున్న సెంటరు యజమాని పాఠం అయ్యాక వచ్చి, సోమవారం నుంచి రమ్మంది.

లీలావతి నేరుగా ఆదెమ్మ దగ్గరికే వచ్చి, రెండు చేతులూ పట్టుకుంది. "మీరు లేకపోతే నా పరువు గంగలో కలిసేది ఆంటీ. పదిహేడేళ్ళ చదువు చెప్పనిది మీరు చెప్పారు. జన్మలో మర్చిపోను."

"సర్లే, గొప్పే!" అంది ఆదెమ్మ, కళ్ళు మాత్రం తడయ్యాయి.

"ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పలేకపోయాను. పాస్టరు పేరేమిటని పిల్లలడిగారు. పుస్తకంలో ఆయన కాదు, మీ నాన్నగారి పేరు."

ఆదెమ్మ అసలు సంగతి చెప్పింది. వాళ్ళ గుళ్ళో పాస్టర్ల పేర్లు చెక్కిన రాతిపలక మీద ఆయన పేరొక్కటీ సున్నంతో పూడ్చేశారట. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆ పేరు పలకలేదట.

"భద్రయ్య," అంది. "పాస్టరు భద్రయ్యగారు. సోమవారం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయి తల్లీ."