ఎర్రపొడి బస్తా మీద కూర్చున్న మేస్త్రీ

కారం మిల్లు షావుకారును కాలరు పట్టి గెంటిన మొనగాణ్ణి నేనే. తొంభైల చివర గుంటూరు దగ్గర పెయింట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. రంగుపొడి నూనెతో కలిసి మరలో నలిగాక మా మేస్త్రీ రెండు వేళ్ల మధ్య రుద్ది చూసేవాడు. రవ్వంత గరుకు తగిలినా "ఇంకా నలగాలి" అనేవాడు.

ఓ రోజు ఆ షావుకారు మా ఫ్యాక్టరీకొచ్చి, కారంలో కలపడానికి ఎర్రపొడి అడిగాడు.

"తలుపులకేసేది పిల్లల కంచాల్లో పోస్తావా? సిగ్గులేదూ!" అంటూ మేస్త్రీ బస్తా మీద కూర్చున్నాడు. బేరం చెడగొడుతున్నాడని ఓనరు ఆ పూటే ఆయన్ని పనిలోంచి తీసేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిజం చెప్పొద్దూ, నేనెవర్నీ గెంటలేదు. డ్రమ్ముల చాటున నక్కాను.

ఇది చదివి, అప్పట్లో నాతో పనిచేసిన మిత్రుడు అన్నాడు: "ఏరా, నక్కావా? ఓనరు చెప్పగానే మేస్త్రీని లేపి, ఆ బస్తా షావుకారు ఆటోలోకెత్తింది నువ్వే కదరా!"