మేనమామ పరీక్ష

కొత్త కంపెనీలవాళ్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తుంటే ఆ పరీక్షకుడు తెరవంక చూడడు, తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటాడు. ఏ యంత్రం పనికొస్తుందో తేల్చడంలో పెట్టుబడిదారులకు అతని మాటే వేదం. ఆ రోజు వచ్చింది సొంత మేనకోడలు. చూపులేనివారికి మందుల పేర్లు చదివి వినిపించే యంత్రం కోసం ఉన్న ఉద్యోగం మానేసిన పిల్ల.

"మొహమాటం వద్దు మావయ్యా, ఉతికి ఆరెయ్."

"తర్వాత మీ అమ్మ నన్ను ఆరేస్తుంది."

యంత్రం మంచి అట్టలన్నీ గడగడా చదివింది. అప్పుడతను జేబులోంచి అక్షరాలు సగం చెరిగిన మాత్రల అట్ట తీశాడు. ఇక్కడే ఎన్నో యంత్రాలు ధీమాగా ఏదో పేరు చెప్పి దొరికిపోయాయి. ఇదీ అలాగే వాగితే ఈ పిల్ల కష్టాన్ని తన నోటితోనే కాదనాలి. అట్టను యంత్రం ముందు పెట్టాడు.

"సరిగ్గా కనబడటం లేదు. వేసుకోకండి, ఎవరినైనా అడగండి" అంది యంత్రం.

మేనకోడలి మొహం వాడిపోయింది. అతని భుజాలు మాత్రం హాయిగా కిందికి దిగాయి.

"బయట కూర్చున్న పెట్టుబడిదారుల్ని లోపలికి పిలువమ్మా. ముందు ఈ అట్టే చూపించు" అన్నాడు.