సాళ్లలో నల్లటి పొర

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. పోలీసులు పట్టుకునే నేరం కాదు. ఒక తడి. ఉల్లిచేనుకు ఒకే ఒక్క తడి నీళ్లు, పెట్టకూడని రోజున పెట్టాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో కాసిపేట దగ్గర బొగ్గుబాయిలో పంపు ఆపరేటర్‌ని. బాయిలో ఊరిన నీళ్లు పైకి తోడి కాలువలో వదిలేవాళ్లం. వాటితోనే కింద మా పొలాలు పారేవి. నా చేనుకు ఎగువన లచ్చవ్వ చేను. నాతో పనిచేసిన రాజయ్య భార్య. అతను పోయాక, భూమి కౌలుకిచ్చెయ్యమని మరుదులు వెంటపడ్డారు. ఒక్క ఏడు చేసి చూపిస్తానని ఆమె పట్టుబట్టింది. ఉల్లిగడ్డ పెట్టింది. వానాకాలం దాకా దాచి, ధర వచ్చాక అమ్మాలని ఆమె ఆశ.

ఆకు వాలగానే నీళ్లు ఆపేసింది. మెడ ఎండకపోతే గడ్డ నిలవదని, చుక్క కూడా పడనివ్వొద్దని నాకు మరీ మరీ చెప్పి గోలేటిలో తల్లిగారింటికి వెళ్లింది. నాదీ ఉల్లిచేనే, ఆలస్యంగా నాటాను, గడ్డ ఇంకా ఊరుతోంది. మర్నాటి నుంచి పంపు మరమ్మతుకు ఆగుతుందని నాకు తెలుసు. ఆమె చేను పక్కనుంచి నీళ్లు తిప్పుకునే కాలువేమో బొగ్గు బురదతో పూడిపోయింది. మొదటి షిఫ్టు దిగి వచ్చాను, నడుము విరిగిపోతోంది. పూడిక తీయడానికి బద్ధకించి, గట్టుకు గండి కొట్టాను. నీళ్లు ఆమె సాళ్ల మీదుగా నా చేనుకు పారాయి. తర్వాత గట్టు పూడ్చేశాను.

నాలుగు రోజులకు ఆమె వచ్చింది. ఎండకు పైన మట్టి ఆరిపోయింది. కానీ బాయి నీళ్లు ఆరిన చోట నల్లటి పొర మిగులుతుంది.

"సాళ్లల్ల గీ నలుపేందన్నా?"

"బొగ్గు దుమ్ము చెల్లె. గాలికొచ్చి పడ్డది."

"గట్లనా? ఎవలన్న నీళ్లిడిసిన్రేమోనని ఫికరైంది."

"ఎవలిడుస్తరు? నేను లేనా చూస్కోనీకి?"

ఆ చివరి మాట అనాల్సిన అవసరం నాకేమొచ్చింది? గండి కొట్టింది బద్ధకంతో. మరి ఈ మాట? అప్పుడే నిజం చెప్పి ఉంటే, తిట్టేది, ఏడ్చేది, కానీ పీకిన వెంటనే అమ్మేసి బయటపడేది కదా!

గడ్డలు లావుగా వచ్చాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆమె మురిసిపోయి వెదురు తడకల మీద పరుచుకుంది. నెల తిరగకముందే వాసన మొదలైంది. మెడల్లోంచి కుళ్లు దిగింది. కుళ్లినవి గంపలకెత్తి గుంతలో పోయడానికి నేనే సాయం వెళ్లాను. తన చేతికి సేద్యం అచ్చిరాలేదని ఆమె ఏడుస్తుంటే, ఊరుకోమని ఓదార్చింది కూడా నేనే.

ఒక్క తడికే అంత కుళ్లుతుందా, ఇంకేదైనా తెగులేమోనని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కుదరలేదు. ఎందుకంటే నా చేనుకు మాత్రం పీకేముందు రెండు వారాలు నీళ్లు ఆపాను. నా గడ్డలు దసరా దాకా గట్టిగా ఉన్నాయి.

ఆ ఏడే భూమి మరుదుల చేతికి పోయింది. లచ్చవ్వ ఇప్పుడు గోదావరిఖని మార్కెట్లో ఉల్లిగడ్డలు కుప్ప పోసుకుని అమ్ముతోంది. పింఛన్ తీసుకున్న రోజు అక్కడికే వెళ్తాను. నాకని ఒక్కో గడ్డ మెడ బొటనవేలితో నొక్కి చూసి, ఎండినవే ఏరి సంచిలో వేస్తుంది. పచ్చి మెడవి పక్కన పెట్టేస్తుంది. ప్రతిసారీ చెప్పాలనే వెళ్తాను. సంచి పట్టుకుని వచ్చేస్తాను.

ఆమె క్షమించాలని రాయడం లేదు. ఆమెకు చదువు రాదని తెలిసే రాస్తున్నాను, అదీ నా పిరికితనమే. అయినా ఒక్కసారి, ఇక్కడైనా, ఆ రోజు అనాల్సిన మాట అననివ్వండి.

అది దుమ్ము కాదు చెల్లె. నీళ్లు ఇడిసింది నేనే.