లెక్కలోకి రాని చేప

రేవులోకి కొలతల సారు వచ్చేసరికి పొద్దు బారెడెక్కుతుంది. ముందు కుర్చీ తుడిపించుకుంటాడు, తర్వాత టీ తెప్పించుకుంటాడు, ఆ తర్వాత గుట్టలోంచి అన్నిటికంటే పెద్ద చేపను ఏరించి తన సంచిలో వేయించుకుంటాడు. అప్పుడుగానీ కొలబద్ద బయటికి తీయడు. సముద్రంలో చేపలెన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. పాత లెక్కలూ లేవు, వెళ్ళి చూసొచ్చేందుకు ఆయన పనిచేసే మత్స్యశాఖ ఆఫీసుకు పడవా లేదు. అందుకే ఒడ్డుకొచ్చిన వాటి పొడవు చూసి, పెద్దవి కనబడకపోతే చేపలు తరిగిపోతున్నాయని లెక్కగట్టి, వేట పరిమితి తగ్గించమని పై ఆఫీసుకు ఆయనే రాస్తాడు. మిగిలిన చేపలను మాత్రం తోక సరిచేసి, మూతి నొక్కిపట్టి, వెంట్రుకవాసి తేడా రాకుండా కొలుస్తాడు. ఆ పనిలో ఆయనకు వంక పెట్టలేం.

ఈ ఏడు పరిమితి సగానికి కోయించాడు. సగం పడవలు ఒడ్డునే ఎండుతున్నాయి. వేలం పాడే అక్క ఉండబట్టలేక ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"సారూ, ఆ సంచిలోదాన్ని కూడా కొలవండి. రోజూ పెద్దది మీరే పట్టుకుపోతుంటే, ఇక్కడ పెద్దవెలా కనబడతాయి?"

ఆయన మనసు చివుక్కుమంది. "ఇంటికి తీసుకెళ్ళేదానికి సర్కారు కొలబద్ద వాడమంటావా? అలాంటివాణ్ణి కాదమ్మా నేను."

సారుకు కోపమొస్తే ఉన్న సగమూ పోతుందని రేవు పెద్దలు హడలిపోయారు. మర్నాడు బాగా పెద్దవి రెండు ఏరి, అక్క చేతే ఆ సంచిలో పెట్టించారు. ఆయన చల్లబడ్డాడు. మిగిలినవన్నీ ఓపిగ్గా కొలిచి, ఆమె వైపు జాలిగా చూశాడు.

"చూశావా అమ్మా, నిన్నటికంటే ఇంకా చిన్నవైపోయాయి!"